శుభలేఖ కంటే ముందు చదివింపుల పుస్తకం

అనంతపురం పాతూరులో నాకు చిన్న డీటీపీ షాపు ఉంది. ఇరవై రెండేండ్లుగా శుభలేఖలు టైపు చేస్తున్నాను. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే రాత్రి పది దాటినా షట్టరు దించలేను. నా ముందర స్టూలు మీద కూర్చుని కార్డుల ఆల్బం తిరగేసే తండ్రులను, తల్లులను చూస్తూనే ఇన్నేండ్లు గడిచాయి. పెండ్లి ఖర్చు ఎక్కడ పెరుగుతుందో, ఎక్కడ తగ్గించుకోవచ్చో ఆ స్టూలు మీద కూర్చున్నవాళ్ల మాటల్లోనే నాకు తెలిసింది. 2025 శ్రావణంలో మా పెద్దమ్మాయి పెండ్లి పెన్నహోబిలంలో చేసినాము. బంగారం, పెండ్లికూతురి పట్టుచీర పక్కన పెడితే రెండు వైపులా కలిపి మూడు లక్షల ఇరవై వేలయింది. ఒక్క రూపాయి వడ్డీకి తేలేదు. ఇంట్లో పెండ్లి పెట్టుకున్నవాళ్లకు ఉపయోగపడుతుందని, చేసింది చేసినట్టు రాస్తున్నాను.

ముందు పాత పుస్తకం తీయండి

నా దగ్గరికొచ్చేవాళ్లు చాలామంది ముందు మంటపం మాట్లాడుకుంటారు, తర్వాత కార్డు ఎన్నుకుంటారు. "ఎన్ని వేయమంటారన్నా?" అని నేనడిగినప్పుడే వేళ్లమీద లెక్క మొదలవుతుంది. "ఒక ఐదువందలు వెయ్యమ్మా, తక్కువైతే బాగుండదు" అంటారు. ఆ ఐదువందలు ఎట్లొచ్చాయంటే జవాబుండదు. పెండ్లయిన నెలకు వాళ్లింటికి పోతే మిగిలిన పత్రికలు అటక మీద కట్టలుగా ఉంటాయి. దేవుని బొమ్మ ఉంటుంది కాబట్టి పారేయడానికి చేతులు రావు.

మా అత్త దగ్గర నల్ల అట్ట లెడ్జరు ఒకటుంది. 1998లో మా పెండ్లికి ఎవరు ఎంత చదివించారు, ఎవరు చీర పెట్టారు, ఎవరు స్టీలు బిందె ఇచ్చారు అంతా మా మామ చేతిరాతతో ఉంది. వెనక పేజీల్లో, ఆ తర్వాత మేము ఎవరింటి శుభకార్యానికి పోయి ఎంత చదివించామో కూడా ఆయన రాసిపెట్టాడు. సంబంధం ఖాయమైన రాత్రే ఆ పుస్తకం ముందర పెట్టుకుని కూర్చున్నాం. మీ ఇంట్లో కూడా ఇట్లాంటిది ఉంటుంది, లేకపోతే మీ నాయనమ్మకో పెద్దమ్మకో అంతా నోటికి ఉంటుంది. అదే మొదటి జాబితా.

ఇక కొత్తగా ఒక పొడుగు నోటుపుస్తకం కొని నాలుగు గీతలు కొట్టండి. మొదటి గడిలో ఇల్లు, రెండో గడిలో ఆ ఇంట్లో ఎందరు, మూడో గడిలో వాళ్లలో నిజంగా వచ్చేది ఎందరు, నాలుగో గడిలో ఎవరు పోయి పిలవాలి. మూడో గడి నింపడమే కష్టం, అదే ముఖ్యం. ఐదుగురున్న ఇంటి నుంచి ఐదుగురూ వస్తారని రాస్తే భోజనాల లెక్క తప్పుతుంది. పనిరోజున పెండ్లయితే ఇంటికి ఇద్దరు, మరీ దగ్గరివాళ్లయితే ముగ్గురు. పెద్దావిడకు నడక కష్టమా, పిల్లలకు పరీక్షలున్నాయా, ఇవన్నీ ఇంట్లో ఆడవాళ్లకు తెలుసు. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోకుండా ఈ గడి నింపకండి.

మేము మొదటిసారి రాస్తే 612 తేలింది. మా ఆయన ఒక పద్ధతి పెట్టాడు. గత మూడేండ్లలో మంచికో చెడుకో వాళ్లు మన గడప తొక్కారా, లేదా మనం వాళ్ల గడప తొక్కామా? ఈ రెండింటిలో ఒకటి కూడా లేకపోతే పేరు మీద చిన్న సున్నా. సున్నాలన్నీ మరుసటి ఆదివారం మళ్లీ ఒకసారి చదివాం. మా అత్త పదకొండు ఇండ్లను వెనక్కి చేర్చింది, ఒక్కో ఇంటికి కారణం చెప్పింది కూడా. ఒకాయన మా మామకు జబ్బు చేసినప్పుడు రాత్రిపూట లారీలో కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయినాడంట. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. చివరికి 380 మంది దగ్గర ఆగాం. ఆరోజు మధ్యాహ్నం విస్తరి ముందు కూర్చున్నది 350 మంది.

మిగతావన్నీ ఆపి ఈ పనే ముందు ఎందుకంటే, మా భోజనాల ఖర్చు మొత్తం లక్షా ఐదువేలు. 350తో భాగిస్తే తలకు 300. జాబితాలో రెండువందల మంది తగ్గితే అరవైవేలు అక్కడే మిగిలినట్టు. కార్డు కాగితంలో, పూలలో ఎంత బిగించినా అంత మిగలదు.

పిలవని కొందరికి బాధ కలిగింది, ఆ మాట దాచను. పెండ్లయిన రెండు వారాలకు కొత్త దంపతులను వెంటబెట్టుకుని, ఇంట్లో చేసిన ఓళిగలు (బొబ్బట్లు) డబ్బాలో పెట్టుకుని, అట్లాంటి పద్నాలుగు ఇండ్లకు పోయి వచ్చాం. ఒకరిద్దరు తప్ప అందరూ బాగానే మాట్లాడారు.

ముహూర్తం, చోటు, అప్పు

పురోహితుణ్ణి ఒక ముహూర్తం అడగకండి, మూడు అడగండి. మౌఢ్యం అయిపోయిన తర్వాత వచ్చే మొదటి మంచి ముహూర్తానికి జిల్లా అంతా ఒకేసారి పెండ్లిళ్లు పెట్టుకుంటుంది. ఆరోజు వంటమాస్టరు, బస్సు, మేళం, పూలు అన్నీ పెరుగుతాయి. శ్రావణంలో వరలక్ష్మీవ్రతం ముందు రెండు రోజులు పూల ధర చూసి మేము బెదిరిపోయాం. అందుకే ఆ శుక్రవారం దాటిన తర్వాత వచ్చిన బుధవారం తీసుకున్నాం. పగలు పది గంటల ఇరవై నిమిషాలకు ముహూర్తం. పగటి పెండ్లి కాబట్టి లైట్ల ఖర్చు లేదు, రాత్రి బసల ఖర్చూ లేదు.

చోటు విషయంలో మన సీమవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. పెన్న ఒడ్డున పెన్నహోబిలం, కదిరి నరసింహస్వామి, గుంతకల్లు దగ్గర కసాపురం, కడపలో దేవుని కడప, ఒంటిమిట్ట, నంద్యాల దిక్కున మహానంది, ఇన్ని క్షేత్రాలున్నాయి. గుడి దగ్గర చేస్తే మంటపానికి లక్ష పోయాల్సిన పని లేదు, అలంకారం గుడే ఇస్తుంది. రుసుములు, సత్రం అద్దెలు ఏటేటా మారతాయి, కాబట్టి పక్కింటివాళ్లు చెప్పింది నమ్మకుండా దేవస్థానం ఆఫీసుకు మీరే పోయి అడిగి రసీదు తీసుకోండి. వధూవరుల ఆధార్, వయసు రుజువు వెంట ఉంచుకోండి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండినట్టు కాగితం అడుగుతారు. ఇంకా తక్కువలో కావాలంటే తిరుమలలో కల్యాణ వేదిక ఉంది. పురోహితుడు, మంగళవాద్యం దేవస్థానమే ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. మా అవ్వ కొండ ఎక్కలేదు కాబట్టి మేము అటు పోలేదు.

అప్పు గురించి ఒక్క లెక్క రాస్తాను. మన దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీ మామూలు మాటగా అయిపోయింది. రెండు లక్షలు తెస్తే నెలకు ఆరువేలు, ఏడాదికి డెబ్బై రెండు వేలు. మా భోజనాల ఖర్చులో మూడింట రెండు వంతులు దాటి వడ్డీకే పోతుంది, అసలు అట్లే ఉంటుంది. ఈ లెక్క నోటుపుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకున్నాం. బజారులో ఏదైనా ఎక్కువ ధరది చూసి మనసు లాగినప్పుడు ఆ పేజీ తీసేవాళ్లం.

వియ్యపురాలితో మాట్లాడిన సాయంత్రం

పెట్టుబడి బట్టల దగ్గర చాలా ఇండ్లలో లెక్క చెయ్యి జారుతుంది. ఇటువాళ్లు అటువాళ్లకు నలభై చీరలు, అటువాళ్లు ఇటువాళ్లకు నలభై. ఎవరూ కట్టుకోరు. బీరువాలో పడి, తర్వాత ఇంకో పెండ్లిలో ఇంకొకరికి పోతాయి. ఇది మాట్లాడాలంటే ఇరువైపులా మొహమాటమే. నేనే ఒకసాయంత్రం వాళ్లింటికి పోయి, కాఫీ తాగుతూ అడిగాను.

"వదినా, మనిద్దరం ఒక మాట అనుకుందాం. తల్లిదండ్రులకు, అవ్వాతాతలకు, మేనమామలకు, ఆడపడుచులకు పెడదాం. మిగతావాళ్లకు ఒక జాకెట్టు గుడ్డ, టెంకాయ, తాంబూలం. సరేనా?"

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేనే అడుగుదామనుకుంటున్నా వదినా, మీరేమనుకుంటారో అని ఊరికే ఉన్నా" అంది. ఇద్దరం కాగితం మీద పేర్లు రాసుకున్నాం. ఒక్కో వైపు పదహారు మంది. రెండు వైపులా బట్టలకు కలిపి అరవై రెండు వేలయింది. ఈ మాట ఎంత తొందరగా మాట్లాడితే అంత మంచిది. ఒకవైపు బట్టలు కొనేసిన తర్వాత మాట్లాడితే రెండోవైపు చిన్నబుచ్చుకుంటారు. మిగతా ఖర్చంతా చెరి సగం అన్నది కూడా ఆ కాగితం మీదే రాశాం.

పెండ్లిచీర మాత్రం ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంటికే పోయి కొన్నాం. అసలు పట్టు అని చెప్పే సిల్క్ మార్క్ లేబులు చూసి తీసుకోండి. పండగ ముందు, పెద్ద ముహూర్తాల ముందు పోకండి, నిదానంగా చూపించే తీరిక వాళ్లకుండదు.

మన ఇంటి మాటతో శుభలేఖ

ఇది నా పని, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

శుభలేఖ చేతికివ్వాల్సినవాళ్లు వేరు, ఫోనులో పంపితే చాలనుకునేవాళ్లు వేరు. నోటుపుస్తకంలో నాలుగో గడి చూస్తే ఇది తెలుస్తుంది. అరవై దాటిన పెద్దలు, మేనమామలు, ఆడపడుచులు, పసుపు కుంకుమతో పోయి బొట్టు పెట్టి పిలవాల్సిన ఇండ్లు, ఇవి మాకు 150 తేలాయి. ఒక పది ఎక్కువ చేతిలో ఉండాలని 160 వేయించాం. మిగతా ఇండ్లకు ఫోను చేసి మాట్లాడి, తర్వాత పేరు రాసిన పత్రిక బొమ్మ పంపాం. బొమ్మ ముందు, మాట తర్వాత అయితే పిలిచినట్టుండదు.

వందా రెండువందల కార్డులకు డిజిటల్ ప్రింటు మంచిది. ఐదువందలు దాటితే ఆఫ్‌సెట్టు చవక. ఆఫ్‌సెట్టులో ప్రతి రంగుకు ఒక ప్లేటు చేయాలి, బహురంగులకు నాలుగు ప్లేట్లు, ఆ ఖర్చు తక్కువ కార్డుల మీద పడితే బరువవుతుంది. డిజిటల్లో ప్లేటు లేదు. 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడుగు షీటులో ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడుగు కార్డులు నాలుగు పడతాయి. 160 కార్డులకు 40 షీట్లు. మీగడరంగు 250 జీఎస్ఎం మందం కాగితం మీద రెండువైపులా ప్రింటుకు షీటు 42 రూపాయలు, అంటే 1,680. కవరు ఆరు రూపాయల లెక్కన 960. కటింగుకు 250. మొత్తం 2,890. టైపు నేనే చేసుకున్నాను, బయట చేయిస్తే ఇంకో ఐదువందలు కలుపుకోండి. అదే రోజుల్లో నా షాపుకొచ్చిన ఒకాయన కార్డు నలభై రూపాయలది ఎన్నుకుని ఐదువందలు వేయించాడు, కార్డులకే ఇరవైవేలు. ఆ కార్డుకు మూడు మడతలు, వెల్వెట్టు అంచు, లోపల ఇంకో కవరు. చదివేవాళ్లు తేదీ కోసం వెతుక్కోవాలి.

మా కార్డు అంచు మాత్రం మా అమ్మాయి గీసింది. లేపాక్షి గుడిలో లతా మంటపం ఉంది కదా, స్తంభం స్తంభానికి ఒక్కో అల్లిక చెక్కి ఉంటుంది. ధర్మవరం చీరల అంచుల్లోకి ఆ అల్లికలు ఎన్నో వచ్చాయి. ఒక ఆదివారం పోయి ఫోనుతో ఫోటోలు తీసుకుని, అందులో ఒక తీగను ట్రేసింగు కాగితం మీద దింపి, స్కాన్ చేసి కార్డుకు అంచుగా పెట్టాం. పెండ్లిచీర వెతికేటప్పుడు కూడా అటువంటి తీగే ఉన్న అంచు ఏరుకున్నాం. బస్సు చార్జీ తప్ప దానికి ఖర్చు లేదు. మీ ఊళ్లోనూ ఏదో ఒకటి ఉంటుంది. ఇంటి గడప మీద చెక్కిన తామరపువ్వు, అవ్వ వేసే ముగ్గు, పాత పట్టుచీర కొంగు. ముగ్గును తెల్లకాగితం మీద నల్ల స్కెచ్చు పెన్నుతో వేయించి ఫోటో తీస్తే చాలు, ఏ డీటీపీ ఆపరేటరైనా శుభ్రం చేసి ఇస్తాడు.

ఇక మాటలు. అన్ని కార్డుల మీదా ఒకే తలంబ్రాల శ్లోకం, ఒకే "మీ రాకతో వధూవరులను ఆశీర్వదించి", ఇరవై రెండేండ్లుగా అవే టైపు చేస్తున్నాను. వాటిలో తప్పేమీ లేదు, పెద్దలు వాటినే ఎదురుచూస్తారు. అందుకని ముందువైపు సంప్రదాయంగానే ఉంచాం. శ్రీరస్తు, శుభమస్తు, విశ్వావసు నామ సంవత్సరం, మాసం, వారం, లగ్నం, ఇరువైపుల పెద్దల పేర్లు. వెనకవైపు మా ఇంట్లో మాట్లాడుకునే తీరులో ఇట్లా రాశాం:

"మా పెద్దమ్మాయి పెండ్లికి మీరు రావాలి. పొద్దున ఆరున్నరకు పాతూరు నుంచి బస్సు ఉంది. ఎనిమిదింటికంతా పెన్నహోబిలంలో వేడివేడి ఉగ్గాని, బజ్జీలు. పది గంటల ఇరవై నిమిషాలకు నరసింహస్వామి సన్నిధిలో తాళి. మా అవ్వకు తొంభై దాటాయి, అక్షింతలు ఆమె చేత్తో తీసుకోండి. మధ్యాహ్నం ఓళిగలు తిని, ఎండ తగ్గాక మళ్లీ అదే బస్సులో ఇంటికి. బహుమతులు తేకండి, మీరొస్తే చాలు."

ఇందులో రావాల్సినవాళ్లకు కావాల్సిన సమాచారమంతా ఉంది. ఎట్లా రావాలి, ఎప్పుడు తినాలి, ఎప్పుడు పోవాలి. మీరు రాసేటప్పుడు కూడా ముందు ఎవరో ఒక మనిషిని మనసులో పెట్టుకోండి. నేను నార్పలలో ఉండే మా మేనత్తను తలచుకుని రాశాను. ఆమె ఏమడుగుతుందో దానికి జవాబే పత్రిక. పేరు రాసే చోట గీత వదిలి, "నార్పల అత్తకు", "తాడిపత్రి చిన్నాన్నకు" అని మా అమ్మాయి తన చేత్తో రాసింది. నాలుగు సాయంత్రాలు పట్టింది. ఆ పత్రికను మా మేనత్త ఇప్పటికీ దేవుని గూట్లో పెట్టుకుంది.

తప్పులు ఎక్కడ పడతాయో చెప్తాను. మా షాపుల్లో చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతోనే పని నడుస్తుంది. మీరు వాట్సాప్‌లో పంపే తెలుగు యూనికోడ్. అది ఇందులో నేరుగా అతకదు, కాబట్టి చూసి మళ్లీ టైపు చేస్తాం. ఒత్తులు ఎగిరిపోయేది, ఇంటిపేర్లు మారేది అక్కడే. ఫోనులో బొమ్మ చూసి "ఓకే" అనకండి. కాగితం మీద ప్రూఫు తీయించి, ఒకరు గట్టిగా చదువుతుంటే ఇంకొకరు మీరు రాసిచ్చిన కాగితంతో సరిచూడండి. యూనికోడ్‌తో చేసే ఆపరేటరు దొరికితే రామభద్ర, మండలి, సూరన్న, పెద్దన వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. పేర్లకు రామభద్ర, లోపలి మాటకు మండలి పెడితే పెద్దవాళ్లు కండ్లద్దాలు లేకపోయినా చదవగలుగుతారు.

రాత్రి ముహూర్తమైతే ఇంకా జాగ్రత్త. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మారుతుంది, ఇంగ్లీషు తేదీ అర్ధరాత్రి మారుతుంది. శనివారం రాత్రి రెండున్నర అంటే క్యాలెండరులో ఆదివారం. కొన్నేండ్ల కిందట నా షాపులోనే టైపైన ఒక పత్రికలో "తెల్లవారితే" అన్న మాట తప్పిపోయింది. మేనమామ ఒకాయన మరుసటి రాత్రి వచ్చాడు. అప్పటికి చప్పరం విప్పుతున్నారు. ఆయన ముఖం నేను మరిచిపోలేదు. అప్పటి నుంచి రాత్రి ముహూర్తాలకు "శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం" అని రాసి, కింద క్యాలెండరు తేదీలు రెండూ వేస్తున్నాను.

ఆధార్‌లో ఉన్నట్టే వధూవరుల పూర్తి పేర్లు కార్డు మీద ఒక్కచోటైనా ఉండాలి. పెండ్లి రిజిస్ట్రేషనుకు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో శుభలేఖ కూడా జతచేస్తారు. ముద్దుపేరు ఒక్కటే ఉంటే తర్వాత ఇబ్బంది పడేది అమ్మాయే.

చోటుకు దారి చూపే క్యూఆర్ కోడ్ వేస్తే మంచిది. రెండు సెంటీమీటర్లకు తక్కువ కాకుండా, లేతరంగు మీద నల్లగా వేయించండి. గూగుల్ మ్యాప్స్ లింకునే నేరుగా పెట్టండి. కొన్ని ఉచిత సైట్లు ఇచ్చే కోడ్లు కొన్నాళ్లకు పనిచేయకుండా పోతాయి. ప్రింటుకు ముందు మూడు రకాల ఫోన్లతో చూడండి. క్యూఆర్ ఉంది కదా అని దారి మాటల్లో రాయడం మానకండి.

వాట్సాప్‌లో పంపేవాళ్లకు రెండు సంగతులు. ఒకే సందేశం అందరికీ ఒకేసారి పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి పట్టరు, మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు అది అసలు చేరదు. పంపేశాం అనుకుని మీరుంటారు, పిలవలేదు అని వాళ్లుంటారు. అందుకే మేము పేర్లన్నీ ఎక్సెల్‌లో కొట్టి, వర్డ్‌లో మెయిల్ మెర్జ్ చేసి, ఒక్కో పేరుతో ఒక్కో పత్రిక తీసి, ఒక్కొక్కరికీ విడిగా పంపాం. బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్న పిల్లలకు పత్రికతో పాటు అవ్వ గొంతు కూడా పంపాం. "యాడున్నా రాండి నాయనా, మల్ల నేనుంటానో లేదో" అని ఇరవై సెకండ్లు. రామని చెప్పిన ముగ్గురు అది విని సెలవు పెట్టుకుని వచ్చారు. రెండో సంగతి, పెండ్లి పత్రిక పేరుతో ఏపీకే ఫైళ్లు (తెరిస్తే ఫోనులో యాప్ ఎక్కించేవి) పంపి ఫోన్లలోని డబ్బు కాజేస్తున్నారని పోలీసులు హెచ్చరిస్తున్నారు. మీ పత్రిక ఫోటోగానో పీడీఎఫ్‌గానో మాత్రమే పంపి, ఆ మాట ముందే ఫోనులో చెప్పండి. పెద్దవాళ్లు భయం లేకుండా తెరుస్తారు.

మొదటి పత్రికకు నాలుగు మూలలా పసుపు రాసి ఇలవేల్పు దగ్గర పెట్టాం. రెండోది తిరుపతికి టీటీడీ కార్యనిర్వహణాధికారి పేరిట పోస్టు చేశాం. స్వామివారి అక్షింతలు, కుంకుమ, ఆశీర్వచనం పోస్టులో వస్తాయి. నెల ముందే పంపితే పెండ్లినాటికి అందుతాయి.

విస్తరి ముందు

ప్లేటుకింత అని కేటరింగు మాట్లాడుకోవడం సులువు. మేము సరుకు మేమే కొని వంటమాస్టరుకు కూలి ఇచ్చాం. అట్లయితే పని ఎక్కువ, ఖర్చు తక్కువ, రుచి మన చేతిలో ఉంటుంది. మీ ఇంట్లో ఇద్దరు మనుషులు రెండు రోజులు దానికే కూర్చోగలిగితేనే ఈ దారి పట్టండి.

వంటల పట్టిక పొడుగైతే ఆకులో మిగిలిపోయేదే ఎక్కువ. మేము పెట్టింది ఓళిగ, నెయ్యి, అలసంద వడ, చిత్రాన్నం, పప్పు, గుత్తివంకాయ, ఒక వేపుడు, శెనక్కాయల పొడి, చారు, పెరుగు, పాయసం. మన పంట శెనక్కాయ, మా అన్న చేనులోదే వచ్చింది. మా వంటమాస్టరు లెక్క నూరుమందికి పన్నెండు కిలోల బియ్యం, మూడున్నర కిలోల కందిపప్పు, పది లీటర్ల పెరుగు. ఉగ్గానికి నూరుమందికి ఐదారు కిలోల బొరుగులు. పొద్దున టిఫినుకు ఉగ్గాని బజ్జి పెడితే ఇడ్లీ, వడ, పూరీ, ఉప్మా అన్నీ పెట్టినదానికంటే సగానికి సగం తగ్గుతుంది, మనవాళ్లు ఇష్టంగా తింటారు. మగపెండ్లివారు కడప వైపు వాళ్లు, వాళ్లకూ ఇదే అలవాటు.

ఓళిగలు మాత్రం వంటమాస్టరుకు అప్పగించకండి. గుంపు వంటలో పూర్ణం గట్టిపడిపోతుంది. ఇండ్లలో చేసి అమ్మే ఆడవాళ్లకు ఒక్కోటి పదిహేను రూపాయల లెక్కన ఐదువందలు చెప్పాం. పొద్దున చేసి అరిటాకుల మధ్య పెట్టి తెచ్చారు.

మేము తప్పింది నీళ్ల దగ్గర. చిన్న సీసాలు పెట్టెలు పెట్టెలు కొన్నాం. సగం తాగి వదిలేసినవి మూడు గోనెసంచులు నిండాయి. 20 లీటర్ల క్యాన్లు, స్టీలు గ్లాసులు, కడిగేందుకు ఒక మనిషి ఉంటే సరిపోయేది. గ్యాసు దగ్గర కూడా గుర్తుంచుకోండి, పెద్దపొయ్యిలకు 19 కిలోల కమర్షియల్ సిలిండరే వాడాలి, ఒకటి అదనంగా పెట్టుకోవాలి.

పూలకు, మేళానికి, చప్పరానికి కలిపి ముప్పైనాలుగు వేలు. టెంకాయ మట్టలు, మామిడాకులు, అరటిచెట్లు బంధువుల తోటల్లోవే. పీటల వెనక పూలగోడ పెట్టకుండా మా అత్తవి, మా అమ్మవి, వియ్యపురాలి తల్లివి పాత పట్టుచీరలు ఆరు వరుసగా కట్టాం. ఫోటోల్లో అవే అందంగా వచ్చాయి. ఫోటోలకు ఒక్క మనిషిని మాట్లాడుకుని, ఫైళ్లన్నీ పెన్‌డ్రైవులో ఇవ్వాలని ముందే రాయించుకున్నాం. కుర్చీలు, షామియానా ఇచ్చే ఒకాయన అడ్వాన్సు తీసుకుని నూరు కుర్చీలు తక్కువ పంపాడు. రసీదులో ఎన్ని అని రాయించుకోలేదు కాబట్టి ఏమీ అనలేకపోయాం. ఎంత డబ్బు ఇచ్చారో రాయించుకున్నట్టే ఎన్ని వస్తువులు, ఎన్ని గంటలకు అన్నది కూడా రాయించుకోండి.

మళ్లీ పుస్తకం

బహుమతులు తేకండి అని రాసినా మన పెద్దలు చదివించకుండా పోరు. దానికి ఒక మూల బల్ల వేసి, చేతిరాత బాగుండే ఒక పిల్లను కూర్చోబెట్టండి. పేరు ఒక్కటే రాస్తే ఇరవై ఏండ్లకు ఎవరో తెలియదు. పేరు, ఊరు, వరస, ఎంత, నాలుగూ రాయించండి. మా చిన్నమ్మాయి రాసింది.

పెండ్లయిన మూడోరోజు అందరం కూర్చుని ఆ పుస్తకం చివరి పేజీల్లో మిగిలింది, తగిలింది రాసుకున్నాం. బియ్యం ఆరు కిలోలు మిగిలాయి. పెరుగు చివరి బంతికి చాలలేదు, నూరుమందికి పన్నెండు లీటర్లు వేసుకోవాలి. ఓళిగలు నలభై మిగిలాయి. పత్రికలు మిగిలింది మూడు. ఒకటి లెడ్జరులో అంటించాం, ఒకటి రిజిస్ట్రేషను కాగితాలతో పెట్టాం, మూడోది అవ్వ దిండు కింద పెట్టుకుంది. చిన్నమ్మాయికి ఇంకా రెండేండ్ల చదువుంది. కొత్త లెడ్జరు, పాత నల్ల అట్ట లెడ్జరు ఒకే గుడ్డలో చుట్టి మా అత్త పెట్టెలో పెట్టింది.